నాలుగు పలకల కాడ

తమ్ముడితో వచ్చిన చిక్కల్లా వాడి ముక్కు.

చూడటానికి అది అందరి ముక్కులాంటిదే. ఇంకా చెప్పాలంటే కాస్త చిన్నది. దాని కొన మీద ఎప్పుడూ ఏదో ఒక మరక ఉంటుంది. కానీ పై అంతస్తు ఆంటీకి పాలు విరిగాయేమోనని అనుమానం వస్తే, గిన్నె పట్టుకుని ఆ ముక్కు దగ్గరికే మెట్లు దిగి వస్తుంది. ఆ శనివారం మధ్యాహ్నం కూడా అలాగే వచ్చింది.

"ఒకసారి చూసి చెప్పు నాయనా."

తమ్ముడు గిన్నె మీదికి వంగాడు. కళ్లు మూసుకుని, పెద్ద డాక్టరులాగా ఊపిరి పీల్చాడు. "ఇంకా విరగలేదాంటీ. సాయంత్రానికి విరుగుతాయి."

"బంగారు ముక్కురా నీది!" అని ఆవిడ వాడి బుగ్గ పుణికి వెళ్లిపోయింది.

అక్క అదే గదిలో కూర్చుని ఉప్పు డబ్బాకి కొత్త లేబుల్ అతికిస్తోంది. ఇంట్లో ప్రతి డబ్బాకీ గుండ్రటి అక్షరాలతో లేబుల్ రాసింది తనే. ఆ లేబుళ్ల పుణ్యమా అని నాన్న టీలో ఉప్పు వేసుకోవడం మానేశాడు. అయినా 'బంగారు వేళ్లు' అని ఇంతవరకూ ఒక్కరూ అనలేదు.

ఆరో తరగతికి వచ్చేసరికి అక్క ఎంత కష్టపడింది! చేతిరాత దిద్దుకుంది. బొమ్మలు గీయడం నేర్చుకుంది. నాలుగో తరగతి తమ్ముడేం చేశాడు? పుట్టాడు. ముక్కుతో సహా పుట్టాడు. అంతే.

"నీ ముక్కుకి కూడా ఓ లేబుల్ రాసి అంటించనా?" అంది అక్క.

"ఏమని రాస్తావక్కా?" అన్నాడు తమ్ముడు ఆశగా. లోకంలో ఉన్న వాసనలన్నీ పట్టే ఆ ముక్కుకి వెటకారం మాత్రం తెలియదు.

ఆ రోజు మూడింటికి బడిలో మొక్కల క్లబ్ ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరూ అందులో సభ్యులే. ఒకే క్లబ్‌లో ఇద్దరూ ఉండటం అక్కకి ఇష్టం లేదు. కానీ ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు.

సైన్స్ టీచర్ ల్యాబ్‌లోని చెక్క బీరువా తెరిచారు. లోపల నలభై షీట్లు ఉన్నాయి. ఒక్కో షీటు మీద ఒక్కో ఎండిన మొక్క అతికించి ఉంది. పక్కన దాని బొమ్మ, కింద లేబుల్. లేబుల్‌లో మొక్క పేరు, దొరికిన చోటు, చివర 'గుర్తించినవారు' అని ఓ పిల్ల పేరో పిల్లాడి పేరో ఉంటుంది. అందరికంటే పాత షీటు టీ మరకంత పసుపు రంగుకి తిరిగింది. దాన్ని గుర్తించిన పిల్లాడికి ఇప్పుడు మీసాలు నెరిసి ఉంటాయి. పేరు మాత్రం ఇంకా బీరువాలోనే ఉంది.

అక్కకి నాలుగో తరగతి నుంచీ ఒకటే కోరిక. ఆ బీరువాలో తన పేరు ఉండాలి.

"ఈ ఏడాది నలభై ఒకటో షీటు, కుక్క తులసి," అన్నారు టీచర్.

"కుక్కలు తింటాయా టీచర్?" అడిగాడు తమ్ముడు.

"లేదు. ఎవరూ నాటకుండా, ఎవరూ నీళ్లు పోయకుండా దానంతటదే పెరిగే మొక్కలకి పెద్దవాళ్లు కుక్క పేరు తగిలించారు. కుక్కలు ఇంకా కేసు పెట్టలేదు."

అందరూ నవ్వారు. టీచర్ బోర్డు మీద గుర్తులు రాస్తూ చెప్పారు.

"ఇది ఏకవార్షికం. అంటే ఒక్క ఏడాది మొక్క. వానలకి మొలుస్తుంది, పూస్తుంది, విత్తనాలు రాల్చి ఎండిపోతుంది. కాడ గుండ్రంగా ఉండదు, నాలుగు పలకలుగా ఉంటుంది. వేళ్ల మధ్య దొర్లిస్తే అంచులు తెలుస్తాయి. ఆకులు జతలుగా, ఎదురెదురుగా ఉంటాయి. పూలు తెల్లగా, చిన్నగా, కాడ చుట్టూ అంచెలంచెలుగా వస్తాయి. ఇవన్నీ కలిస్తేనే ఆకు నలిపి వాసన చూడాలి. వాసన ఆఖరు. గుర్తుంచుకోండి."

ఎందుకు ఆఖరో ఎవరూ అడగలేదు. అక్క అయితే గుర్తులన్నీ నాలుగు రంగుల పెన్నులతో కార్డు మీదికి ఎక్కించే పనిలో ఉంది.

"గుర్తించడం మీ పని," అన్నారు టీచర్. "నేను మధ్యలో తల దూర్చను. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం ప్రదర్శన. ఆ రోజే చూసి సంతకం పెడతాను. అన్నీ సరిచూసి లేబుల్ రాసే బాధ్యత నీదమ్మా," అని అక్కని చూపించారు. "మంచి చేతిరాత కదా!"

అక్క భుజాలు అంగుళం పైకి లేచాయి.

బడి వెనక ఖాళీ స్థలం ఉంది. ఒక పక్క బస్సులు రిపేరు చేసే షెడ్డు, ఇంకో పక్క సగం కూలిన గోడ. మధ్యలో పాత టైర్ల గుట్ట. మిగిలినదంతా మోకాలి ఎత్తు కలుపు మొక్కలు. పిల్లలు తలో దిక్కుకీ చెదిరిపోయారు.

అక్క కార్డు చేత్తో పట్టుకుని, మొదటి మొక్క దగ్గర కూర్చుంది. పద్ధతిగా కాడ దొర్లించబోతోంది. ఇంతలో టైర్ల వైపు నుంచి కేక వినబడింది.

"అక్కా! దొరికింది! ఇదే!"

వెతకడం మొదలుపెట్టి పది నిమిషాలైనా కాలేదు. తమ్ముడు చేతిలో వేరుతో సహా పీకిన మొక్కతో పరుగెత్తుకొచ్చాడు. ఒక ఆకు తెంపి అక్క చేతిలో పెట్టాడు. "నలిపి చూడు! తులసీ నిమ్మకాయా కలిపి దంచినట్టుంది!"

అక్క నలిపింది. ఘాటైన వాసన ముక్కులోకి సూటిగా దూసుకుపోయింది. నిజమే, తులసీ నిమ్మకాయానే.

అక్క స్నేహితురాలు కళ్లజోడు సర్దుకుంటూ వచ్చింది. క్లాసులో అందరూ ఆమెను 'సోడాబుడ్డి' అంటారు. ఆమె కూడా ఆకు వాసన చూసింది. "భలేవాడే మీ తమ్ముడు! ఏమే, మీ ఇంట్లో తెలివంతా వాడికే పంచేశారా? నీకేమైనా మిగిల్చారా లేదా?"

ఆమె సరదాకే అంది. కానీ అక్కకి కడుపులో ఎవరో అగ్గిపుల్ల గీసినట్టయింది.

బీరువాలో వీడి పేరు! రెండేళ్లుగా తను కలగన్న చోట! వీడికి 'ఏకవార్షికం' అని తప్పు లేకుండా రాయడం కూడా రాదు!

"వాసన చూసి చెప్పేస్తే అయిపోతుందా?" అంది గట్టిగా. "కాడ పలకలు చూశావా? ఆకులు ఎదురెదురుగా ఉన్నాయా?"

తమ్ముడు బుర్ర గోక్కున్నాడు. "చూడలేదు."

"మరి? నాకు తెలిసిన మొక్క ఒకటుంది. ఆగు," అని అక్క విసవిసా గోడ అవతలికి వెళ్లింది.

నిజానికి ఆమెకి తెలిసిన మొక్క ఏదీ లేదు. కళ్లకి కనబడినదాన్ని పట్టుకుంది. అదే ఎత్తు, అలాంటి చిన్న ఆకులే. చివర వరికంకిలా సన్నగా నిలబడిన వెన్ను, దాని మీద తెల్లటి చిన్ని పూలు. ఒక ఆకు తెంపి నలిపింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది.

తులసీ నిమ్మకాయా!

లోకంలో వాడికొక్కడికే ఉందా ముక్కు? మొక్కని వేరుతో సహా పీకింది. నాలుగు రంగుల కార్డు అప్పటికే నాలుగు మడతలై జేబులోకి చేరింది. మళ్లీ బయటికి రాలేదు.

"అసలైనది ఇదీ!" అని మొక్కని అందరి ముందూ ఎత్తి చూపించింది.

తమ్ముడు దగ్గరికొచ్చి ఆకుల మీద ముక్కు పెట్టాడు. "ఇది కాదక్కా. ఇది ఉత్త గడ్డి వాసనేస్తోంది," అంటూనే హాచ్ అని తుమ్మాడు.

"జలుబు చేసినట్టుంది, తుమ్ముతున్నావు. నీకేం తెలుస్తుంది? ఏమే, నువ్వు చూడవే," అని అక్క తన వేళ్లు సోడాబుడ్డి ముక్కు దగ్గర పెట్టింది.

సోడాబుడ్డి వాసన చూసింది. "అవున్రా చిన్నోడా. తులసి వాసనే! గుమగుమలాడిపోతోంది."

ఇంకో ఇద్దరు కూడా ఆ వేళ్లే వాసన చూసి తల ఊపారు. తమ్ముడు తన మొక్కనీ అక్క మొక్కనీ మార్చి మార్చి చూశాడు. మళ్లీ తుమ్మాడు.

"అయితే నా ముక్కే తప్పు చెప్పిందేమో," అన్నాడు మెల్లగా.

ల్యాబ్‌కి తిరిగొచ్చాక, అక్క వాడి మొక్క అందుకుని చెత్తబుట్టలో పడేసింది. తన మొక్కని పాత పేపర్ల మధ్య పరిచి, పైన డిక్షనరీ పెట్టింది. డిక్షనరీ మీద రెండు ఇటుకలు పెట్టింది.

ఆ వారమంతా పేపర్లు మార్చడమే పని. తడి పీల్చుకున్న పేపరు తీసేసి, రోజూ పొడి పేపరు పెట్టాలి. అక్క ఒక్కరోజు కూడా మానలేదు. ఇంట్లో తమ్ముడి జలుబు ముదిరింది. ముక్కు ఎర్రగా, పండు మిరపకాయలా తయారైంది.

బుధవారం పై అంతస్తు ఆంటీ గిన్నెతో దిగింది.

"నాకు తెలీదాంటీ," అన్నాడు తమ్ముడు. "నా ముక్కు సరిగ్గా లేదు. అక్కని అడగండి."

"జలుబా నాయనా?"

"జలుబు కాదు. అంతకుముందు నుంచే సరిగ్గా లేదు."

అక్క ఠీవిగా లేచి పాలు వాసన చూసింది. బాగానే ఉన్నాయని చెప్పింది. ఆ సాయంత్రం ఆంటీ ఇంటికి చుట్టాలు వచ్చారు. వాళ్ల ముందే టీ కాస్తా ముక్కలు ముక్కలుగా విరిగిపోయింది. మర్నాడు ఆంటీ ఏమీ అనలేదు. కానీ గిన్నె పట్టుకుని మళ్లీ రానూ లేదు.

ఎదురు లేకుండా గెలిస్తే ఎంతో బాగుంటుందని అక్క అనుకుంది. తమ్ముణ్ణి ఇప్పుడు ఎవరూ పొగడటం లేదు. అయినా తనకేమీ అదనంగా రాలేదు. కడుపులో మంట మాత్రం ఉన్నచోటే ఉంది. అదేం లెక్కో ఆమెకి అర్థం కాలేదు.

ప్రదర్శనకి ముందు ఆదివారం, ముందురోజే బడి నుంచి ఇంటికి తెచ్చుకున్న ఎండిన మొక్కని షీటు మీద అతికించింది. ముత్యాల్లాంటి అక్షరాలతో లేబుల్ రాసింది. 'గుర్తించినవారు' దగ్గర తన పేరు రాసి, ఆరేదాకా ఊదింది. ఇక పక్కన బొమ్మ గీయాలి.

టీచర్ చెప్పిన గుర్తుల వరసలోనే ముందు కాడ గీసింది. దానికి ఒక జత ఆకులు ఎదురెదురుగా గీసింది. రెండో జత ఎలా ఉందో చూద్దామని మొక్క వైపు చూసింది.

ఆకుకి ఎదురుగా ఆకు లేదు.

రాలిపోయిందేమో అనుకుంది. రాలితే మచ్చ ఉండాలి. మచ్చ కూడా లేదు. కాస్త పైన ఎడమ పక్క ఒక ఆకు ఉంది. ఇంకాస్త పైన కుడి పక్క ఇంకొకటి. మెట్లెక్కే మనిషి పాదాల్లా ఒకటి తర్వాత ఒకటి. జత అన్న మాటే లేదు.

కత్తిరించగా మిగిలిన కాడ ముక్క బల్ల మీద పడి ఉంది. దాన్ని వేళ్ల మధ్య దొర్లించింది. అది నున్నగా దొర్లింది. అంచులు తగల్లేదు. నాలుగు పలకలు కాదు కదా, ఒక్క పలక కూడా లేదు.

ఒక ఎండుటాకు నలిపి చూసింది. పాత కాగితం వాసన.

మరి ఆ రోజు అంత ఘాటు వాసన ఎలా వచ్చింది?

వంటింట్లో నాన్న అమ్మకి సాయం చేస్తున్నాడు. అంటే నాలుగు వెల్లుల్లి రెబ్బలు ఒలిచి, అలసిపోయి, కమలాపండు తింటున్నాడు.

"ఏంటే ఈ పండు వెల్లుల్లి వాసనేస్తోంది? షాపువాడు పాత సరుకు అంటగట్టాడు!"

"షాపువాణ్ణి ఎందుకండీ ఆడిపోసుకుంటారు?" అంది అమ్మ. "మీ వేళ్లు వాసన చూసుకోండి."

నాన్న వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అవునే," అన్నాడు నాన్న.

"చేసింది నాలుగు రెబ్బల పని. దానికి పండు మీద నేరం!"

అక్క తన వేళ్ల వైపు చూసుకుంది. ఆ శనివారం ఈ వేళ్లతోనే తమ్ముడి ఆకు నలిపింది. ఈ వేళ్లతోనే గోడ అవతలి ఆకూ నలిపింది. సోడాబుడ్డి వాసన చూసింది ఆకుని కాదు, ఈ వేళ్లని!

అయినా ఈ సంగతి ఎవరికి తెలుసు? రేపు గదినిండా జనం ఉంటారు. టీచర్ నలభై ఒక్క షీట్లూ భూతద్దం పెట్టి చూస్తారా? బీరువా తలుపు పడితే మళ్లీ ఎవరు తెరుస్తారు? అక్క రాలిన ఆకు ఒకటి తీసుకుంది. దాని కాడకి ఆవగింజంత జిగురు రాసి, మొదటి ఆకుకి ఎదురుగా అంటించింది. ఇంకో ఆకుకి కూడా ఎదురుగా ఒకటి అంటించింది. ఇప్పుడు ఎదురెదురుగా జతలున్నాయి. పుట్టుకతోనే అలా ఉన్నట్టు కనిపించాయి.

అప్పుడే తమ్ముడు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని లోపలికొచ్చాడు. షీటు మీదికి వంగి చూశాడు.

"అబ్బ! ఎంత బాగా చేశావక్కా! టీచర్ చెప్పినట్టే ఆకులు ఎదురెదురుగా ఉన్నాయి. నాదే తప్పన్నమాట." కింద దొర్లిపోయిన జిగురు సీసా మూత వెతికి తెచ్చి, సీసాకి బిగించాడు. "ఎండిపోతే పాడైపోతుంది," అన్నాడు.

అక్క వాడి ముఖం వంక చూడలేకపోయింది. ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. ఈసారి మాత్రం ఆ కోపం వాడి మీద కాదు.

"చెప్పులేసుకో," అంది.

"ఎక్కడికి?"

"టైర్ల దగ్గరికి."

"ఎండలో ఎక్కడికే?" అంది అమ్మ.

"బడి వెనక్కమ్మా. పది నిమిషాల్లో వస్తాం. ఇద్దరం కలిసే వెళ్తున్నాం."

"కలిసే! కొట్టుకోకుండా!" అమ్మ గోడ గడియారం వైపు చూసింది. ఇలాంటివి జరిగినప్పుడు టైము గుర్తుపెట్టుకోవడం మంచిదని ఆమె అభిప్రాయం.

టైర్ల దగ్గర తమ్ముడు గట్టిగా ఎగపీల్చి, నిరాశగా తల ఊపాడు. "నాకేం వాసన రావట్లేదక్కా."

"రాకపోతే ఏం? ఏ పక్క దొరికిందో చూపించు చాలు."

వాడు గుట్ట వెనక్కి చూపించాడు. అక్కడ ఏడెనిమిది మొక్కలు గుంపుగా ఉన్నాయి. అక్క కార్డు మడతలు విప్పి మోకాళ్ల మీద కూర్చుంది. కాడని వేళ్ల మధ్య దొర్లించింది. అంచులు ఒకటి, రెండు, మూడు, నాలుగు, టకటకా తగిలాయి. ఆకులు జతలు జతలుగా, ఎదురెదురుగా ఉన్నాయి. కింది జత అటూ ఇటూ ఉంటే, పై జత ముందుకీ వెనక్కీ తిరిగి ఉంది. పైన తెల్లటి పూలు కాడ చుట్టూ అంచెలంచెలుగా ఉన్నాయి. ఒక అంచెకీ ఇంకో అంచెకీ మధ్య కాస్త ఖాళీ.

ఒక్క మొక్కని చూడటానికి అంతసేపు కూర్చోవడం ఆమెకి అదే మొదటిసారి. ఎంత అందంగా కట్టారు దీన్ని అనిపించింది.

"వాసన చూడవా?" అన్నాడు తమ్ముడు.

"ఉండు, చేతులు కడుక్కోవాలి."

బస్సు షెడ్డు కొళాయి దగ్గర చేతులు కడుక్కుని, గౌనుకి తుడుచుకుని వచ్చింది. అప్పుడు ఒక ఆకు నలిపింది. తులసీ నిమ్మకాయా కలిపి దంచినట్టు ఉంది. వాడు చెప్పిన మాటే.

ఒక కొమ్మ కోసుకుని, ఇంటికొచ్చి నీళ్ల సీసాలో పెట్టింది.

"అక్కా, అయితే రెండూ కుక్క తులసేనా?" అన్నాడు తమ్ముడు.

అక్క నోరు తెరిచింది. మళ్లీ మూసి, సీసాలో కొమ్మని సరిచేసింది. "రేపు," అంది.

సోమవారం ల్యాబ్‌లో బల్లల మీద నలభై ఒక్క షీట్లూ పరిచారు. పిల్లలు, అమ్మలు, నాన్నలు ఒకరినొకరు తోసుకుంటూ చూస్తున్నారు. నాలుగో తరగతివాళ్లు తలుపు దగ్గర వరసలో ఉన్నారు. అందులో ఎర్ర ముక్కు ఒకటి దూరం నుంచే కనబడుతోంది.

టీచర్ నలభై ఒకటో షీటు దగ్గర ఆగి, పెన్ను మూత తీశారు. "ఎంత చక్కటి రాత!"

"మా క్లాసు అమ్మాయే టీచర్!" అంది సోడాబుడ్డి గర్వంగా.

అక్క చెయ్యి చాచి, లేబుల్ మీద అడ్డంగా పెట్టింది.

"సంతకం పెట్టకండి టీచర్."

"ఏమ్మా?"

"ఈ ఆకులు ఎదురెదురుగా లేవు. నేనే అతికించాను. కాడ కూడా గుండ్రంగా ఉంది. నేను దొర్లించి చూడలేదు." మాటలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. "వాసన ఈ మొక్కది కాదు. అంతకుముందు తమ్ముడి మొక్క ఆకు నలిపాను. అది నా వేళ్లకి అంటుకుంది. అందరికీ ఆ వేళ్లే చూపించాను."

సోడాబుడ్డి తన ముక్కు పట్టుకుని నిలబడిపోయింది.

"మరి ఇదేం మొక్క?" అన్నారు టీచర్.

"తెలీదు టీచర్. తెలుసుకుంటాను."

అక్క బల్ల కింద నుంచి నీళ్ల సీసా తీసి షీటు పక్కన పెట్టింది. కొమ్మ ఇంకా వాడలేదు. సీసా మెడకి దారంతో కట్టిన కొత్త లేబుల్ ఉంది. అవే గుండ్రటి అక్షరాలు. మొక్క పేరు కుక్క తులసి. దొరికిన చోటు టైర్ల గుట్ట వెనక. గుర్తించినవారు అన్న చోట తమ్ముడి పేరు.

టీచర్ కాడని వేళ్ల మధ్య నెమ్మదిగా దొర్లించారు. తల ఊపారు. తలుపు వైపు చూశారు.

అక్క కూడా అటు తిరిగింది. టీచరుకి చెప్పడం కష్టమనుకుంది. అది తేలిక పనేనని ఇప్పుడు తెలిసింది. వరసలో తమ్ముడు రుమాలు చేత్తో పట్టుకుని, నోరు తెరిచి చూస్తున్నాడు. వాడి వెనక మొత్తం నాలుగో తరగతి ఉంది.

"ఒరేయ్," అంది అక్క. గొంతు కీచుమంది. సవరించుకుని, అందరికీ వినబడేలా మళ్లీ అంది.

"ఒరేయ్, ఆ రోజు నువ్వు చెప్పింది నిజంరా. తప్పు నాది."